లీకు ఒకటే, రోగాలు వేరు: ఇంటి గరాజ్‌లో హెడ్ గ్యాస్కెట్ మార్పిడి

హెడ్ గ్యాస్కెట్ ధర చూసి పని తేలిక అనుకుంటే మోసపోయినట్టే. అమెరికాలో పాత సుబారు కారుకు రెండు వైపులా కావలసిన గ్యాస్కెట్లు సుమారు రెండొందల డాలర్లలోపే దొరుకుతాయి. అదే కారును వర్క్‌షాపుకు తోలుకెళితే బిల్లు రెండు వేల నుంచి మూడు వేల డాలర్ల దాకా తేలుతుంది. తేడాలో పెద్ద భాగం కూలిదే. ఆ పల్చటి రేకు దాకా చేరాలంటే సగం ఇంజిన్ విప్పాలి, మార్చాక ఆ సగాన్నీ మళ్లీ బిగించాలి. స్పానర్ పట్టడం వచ్చినవాడికి ఈ లెక్క చూడగానే చెయ్యి దురద పెడుతుంది. ఇంటి గరాజ్, నాలుగు రోజుల సెలవు, కొన్ని పనిముట్లు ఉంటే రెండు వేల డాలర్లు మిగిలినట్టే కదా!

అలా మిగుల్చుకున్నవాళ్లు చాలామందే ఉన్నారు. ఏడాది తిరక్కుండానే అదే హెడ్డు మళ్లీ విప్పినవాళ్లూ ఉన్నారు. చేయి తిరగడంలోనే తేడా అంతా ఉందని మామూలుగా అనుకుంటారు. ఈ జబ్బుకు పేరుమోసిన ఇంజిన్లను వరసగా చూస్తే మరో సంగతి బయటపడుతుంది. ఒక్కో ఇంజిన్‌లో గ్యాస్కెట్ ఒక్కో కారణంతో పోతుంది. ఆ కారణాన్ని పట్టుకుని సరిచేసినవాళ్ల పని నిలుస్తుంది. కొత్త రేకు వేసి ఊరుకున్నవాళ్లది మళ్లీ మొదటికొస్తుంది.

రేకు చేసే పని

ఇంజిన్ బ్లాక్‌లో సిలిండర్లుంటాయి. వాటి పైభాగాన్ని మూసేది హెడ్డు. రెండింటి మధ్య నలిగే గ్యాస్కెట్ మూడింటిని వేటి దారిలో వాటిని ఉంచాలి: సిలిండర్‌లో మండే గ్యాసు, చుట్టూ తిరిగే కూలెంట్, పైకి కిందికి పారే ఆయిల్. పెట్రోల్ ఇంజిన్‌లో మంట అంటుకున్న క్షణాన ఒత్తిడి 50 బార్లు దాటుతుంది. నేటి టర్బో డీజిళ్లలో 150 బార్లు మామూలు మాట. దానికి కొద్ది మిల్లీమీటర్ల అవతలే కూలెంట్ ఒకటిన్నర బారు లోపు ఒత్తిడితో తిరుగుతుంటుంది. మధ్య గోడ ఎక్కడ సందిచ్చినా ఎక్కువ ఒత్తిడి ఉన్నది తక్కువ ఉన్న దాంట్లోకి చొరబడుతుంది.

ఒత్తిడికి వేడి తోడు. మీటరు పొడవున్న అల్యూమినియం ఒక్కో డిగ్రీకి సుమారు 23 మైక్రోమీటర్లు సాగుతుంది, పోత ఇనుము అందులో సగమే. బ్లాక్ ఇనుముది, హెడ్డు అల్యూమినియంది అయినప్పుడు, 40 సెంటీమీటర్ల పొడవున్న హెడ్డు 80 డిగ్రీలు వేడెక్కితే కింది బ్లాక్ కన్నా 0.4 మిల్లీమీటర్లు ఎక్కువ సాగాలని చూస్తుంది. బండి స్టార్ట్ చేసిన ప్రతిసారీ, ఆపిన ప్రతిసారీ ఈ జరుగుడు గ్యాస్కెట్ ముఖం మీదే. మన రోడ్ల మీద దశాబ్దాలు తిరిగిన అంబాసిడర్ 1489 సీసీ పెట్రోల్ ఇంజిన్‌లో హెడ్డూ బ్లాకూ రెండూ ఇనుమే కనుక ఈ బాధ తక్కువ. రేడియేటర్‌లో బోరు నీళ్లు పోసి నడిపినా అది ఓర్చుకునేది. రాగి రేకుల మధ్య ఆస్‌బెస్టాస్ పెట్టి చేసిన ఆనాటి గ్యాస్కెట్లు హెచ్చుతగ్గులను తమలోకి తీసుకునేవి. ఆస్‌బెస్టాస్ పొడి ఊపిరితిత్తులకు విషమని తేలాక వాటి స్థానంలో గ్రాఫైట్ పూసిన కాంపోజిట్ రకాలు వచ్చాయి. ఆ తర్వాత రబ్బరు పూతతో కూడిన పలుచని స్టీలు రేకులు కొన్నిటిని పొరలు పొరలుగా పేర్చిన ఎమ్మెల్లెస్ రకం వచ్చింది. ఇది గట్టి సరుకే, కానీ పేచీకోరు. కింద మీద రెండు ముఖాలూ నున్నగా, సమతలంగా లేకపోతే పట్టదు.

సుబారు: రేకులోనే లోపం

ఇంట్లో గ్యాస్కెట్ మార్చుకునేవాళ్ల లోకంలో సుబారు ఈజే25 ఇంజిన్‌కున్నంత పేరు మరోదానికి లేదు. సిలిండర్లు నిటారుగా నిలబడకుండా, రెండేసి చొప్పున ఎదురెదురుగా పడుకుని ఉండే బాక్సర్ ఇంజిన్ ఇది. 1966లో వచ్చిన సుబారు 1000 కారు నుంచీ ఆ కంపెనీ ఈ పద్ధతినే పట్టుకుంది. ఈజే25కు ముందు వాడిన 2.2 లీటర్ల ఇంజిన్ గట్టిదని పేరు తెచ్చుకుంది. శక్తి పెంచడానికి సిలిండర్ వ్యాసాన్ని 96.9 నుంచి 99.5 మిల్లీమీటర్లకు పెంచారు. సిలిండర్ల మధ్య ఎడం మాత్రం అంతే ఉంది. అంటే రెండు సిలిండర్ల నడుమ గ్యాస్కెట్ ఆనే జాగా 2.6 మిల్లీమీటర్లు తరిగింది.

1996 నుంచి 1999 దాకా అమెరికాలో అమ్మిన మొదటి తరం ఇంజిన్లలో లీకు లోపలికే. మండిన గ్యాసు కూలెంట్‌లోకి తోసుకొచ్చేది. బండి ఊళ్లో బాగానే తిరిగి, హైవే ఎక్కిన అరగంటకు ఉన్నట్టుండి వేడెక్కేది. బానెట్ తెరిస్తే రిజర్వాయర్ డబ్బాలో బుడగలు, పొగగొట్టం వాసన. తర్వాతి తరానికి హెడ్డుకొక్క క్యామ్ చొప్పున పెట్టి ఇంజిన్‌ను మార్చారు. దాంతో లీకు బయటికి తిరిగింది. ఇంజిన్ అడ్డంగా పడుకుని ఉంటుంది కనుక గ్యాస్కెట్ నిలువుగా నిలబడుతుంది. దాని కింది అంచు బండి ఆపాక కూడా ఆయిల్‌లో, కూలెంట్‌లో నానుతూనే ఉంటుంది. అక్కడ వాడిన ఒంటి పొర స్టీలు రేకు మీది పూత ఏళ్ల తరబడి ఊడుతూ వస్తే కూలెంట్ చెమ్మగా మొదలై చుక్కలుగా మారుతుంది. ఆ చుక్కలు కింద ఎగ్జాస్ట్ పైపు మీద పడి కాలితే తియ్యటి వాసన వస్తుంది. సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు హీటర్ గాలితో పాటు ఆ వాసన లోపలికొస్తే సుబారు సొంతదారుకు ఇక చెప్పక్కర్లేదు.

కంపెనీ కూడా సంగతి ఒప్పుకుంది. 1999 నుంచి 2002 వరకూ వచ్చిన నమూనాల్లో కొన్నిటికి కూలెంట్‌లో కలిపే ప్రత్యేక ద్రవం పోయించుకోవాలని యజమానులకు చెప్పింది. పోయించుకున్నవాళ్లకు ఆ లీకు వరకు వారంటీని ఎనిమిదేళ్లకు లేదా లక్ష మైళ్లకు పొడిగించింది. ఆ గడువు తీరిన బండ్లే ఇళ్ల గరాజ్‌లలోకి చేరాయి. ఇంట్లో పనిచేసేవాళ్లు పాత రకం రేకు మళ్లీ వేయకుండా, అదే కంపెనీ టర్బో ఇంజిన్లకు వాడిన పలుపొరల స్టీలు గ్యాస్కెట్ వేయడం మొదలుపెట్టారు. లోపం రేకులో ఉంది కనుక రేకు రకం మార్చడం ఇక్కడ సరైన మందు.

రోవర్: నీళ్లు తక్కువ, వేడి ఎక్కువ

బ్రిటన్‌లో ఇదే చెడ్డపేరు రోవర్ కె-సిరీస్‌ది. 1988లో వచ్చినప్పుడు తేలికైన, తెలివైన ఇంజిన్ అని మెప్పు పొందింది. హెడ్డు నుంచి బ్లాక్ గుండా అడుగు దాకా దూసుకెళ్లే పది పొడవాటి బోల్టులు మొత్తం ఇంజిన్‌ను ఒక్క కట్టుగా బిగిస్తాయి. ఎమ్‌జీఎఫ్, లోటస్ ఎలీజ్, ల్యాండ్ రోవర్ ఫ్రీలాండర్ కార్లలో 1.8 లీటర్ల రూపంలో వాడేసరికి గ్యాస్కెట్లు పోవడం మొదలైంది. మొదట్లో హెడ్డును సరైన చోట నిలిపే ప్లాస్టిక్ పిన్నులను తప్పుబట్టి, వాటి బదులు స్టీలువి పెట్టారు. అసలు మూలం కూలింగ్‌లో ఉంది. ఈ ఇంజిన్‌లో తిరిగే కూలెంట్ పరిమాణమే తక్కువ. థర్మోస్టాట్ ఇంజిన్‌లోకి నీళ్లు వచ్చే వైపున ఉంటుంది. అది తెరుచుకున్నప్పుడల్లా రేడియేటర్‌లోని చల్లని కూలెంట్ మరిగే ఇంజిన్‌లోకి ఒక్కసారిగా దూరుతుంది. ఇన్‌లెట్ మానిఫోల్డ్ సీలు దగ్గర కాస్త కారినా, ఉన్న కొద్దిపాటి కూలెంట్ తరిగి హెడ్డు కాగిపోతుంది.

ఆ తర్వాత పలుపొరల స్టీలు గ్యాస్కెట్, ఒత్తిడిని బట్టి తెరుచుకునే కొత్త థర్మోస్టాట్ వచ్చాయి. ఎమ్‌జీ రోవర్ సంస్థ 2005 ఏప్రిల్‌లో కుప్పకూలింది. బండ్లు మాత్రం మిగిలాయి. బ్రిటన్‌లో సొంత మరమ్మతుకు పాత సంప్రదాయం ఉంది. 1960లలో మొదలైన హేన్స్ మాన్యువళ్లు నిజంగా ఒక కారు పూర్తిగా విప్పి బిగించి, ఆ అనుభవంతో రాసినవి. కె-సిరీస్ విషయంలో ఇంటి మెకానిక్‌కు ఉచ్చు ఒకటుంది. హెడ్డు తీసిన తర్వాత క్రాంక్‌ను తిప్పితే, బ్లాక్‌లో విడిగా కూర్చున్న సిలిండర్ లైనర్లు కదిలిపోతాయి. ఆ లైనర్ల అంచు బ్లాక్ ముఖం కన్నా వెంట్రుకవాసి ఎత్తులో ఉండాలి. లోపలికి దిగిపోతే ఎంత ఖరీదైన గ్యాస్కెట్ వేసినా కట్టదు. అందుకే ఇక్కడ ముందు కొలవాల్సింది లైనర్ ఎత్తు, ముందు మార్చాల్సింది లీకవుతున్న మానిఫోల్డ్ సీలు.

కామ్రీ: పట్టు వదిలిన బోల్టు

మూడో కేసు తెలుగువాళ్లకు దగ్గరిది. అమెరికాకు చదువుకు వెళ్లిన కుర్రాళ్లు తొలి కారుగా కొనే పాత బండ్లలో టొయోటా కామ్రీ ముందుంటుంది. 2002 నుంచి 2006 దాకా వచ్చిన 2.4 లీటర్ల కామ్రీల్లోని 2ఏజెడ్-ఎఫ్ఈ ఇంజిన్‌లో బ్లాక్ కూడా అల్యూమినియమే. హెడ్డు బోల్టులు ఆ మెత్తటి లోహంలోని త్రెడ్లలోకే బిగుస్తాయి. కొన్నేళ్లకు వెనక వైపు, అంటే ఫైర్‌వాల్ పక్కన, త్రెడ్లు లోహంతో సహా ఊడిపోతాయి. బోల్టు వదులై గ్యాస్కెట్ మీద నొక్కు తగ్గుతుంది. కూలెంట్ ఇంజిన్ వెనకగా, పైనుంచి కనిపించని చోట జారిపోతుంది. యజమానికి తెలిసేది మీటరు ముల్లు ఎర్రగీత దాటాకే.

ఇక్కడ గ్యాస్కెట్‌ను మాత్రమే మార్చడం శుద్ధ దండగ. ఊడిన త్రెడ్లలోకి కొత్త బోల్టు బిగించబోతే అది ఊరికే తిరుగుతూనే ఉంటుంది. సరైన మందు వేరే ఉంది. రంధ్రాన్ని కొంచెం పెద్దగా తొలిచి, అందులో స్టీలు త్రెడ్ గొట్టాన్ని దింపి, దానిలోకి బోల్టు బిగించాలి. రంధ్రం ఏమాత్రం వంకరపోకుండా డ్రిల్‌ను నిలిపే గైడ్ పలకతో సహా ఆ కిట్లు బజారులో దొరుకుతాయి. ఊడిన ఒకటి రెండు చోట్లే కాకుండా, అన్ని బోల్టు రంధ్రాలకూ వేయడం మంచిదని చేసినవాళ్ల మాట. టొయోటా కూడా తర్వాతి బ్లాకుల్లో త్రెడ్ల పొడవు పెంచింది.

విప్పకముందు చేయాల్సినవి

మూడు ఇంజిన్లు, మూడు కారణాలు. కాబట్టి పనిముట్ల డబ్బా తెరవకముందే రోగనిర్ధారణ జరగాలి. చాలామంది ఇక్కడే తొందరపడతారు. ఆయిల్ మూత అడుగున మీగడ లాంటి తెల్లటి జిగురు కనిపిస్తే గ్యాస్కెట్ పోయిందని తీర్పు చెప్పేస్తారు. చలికాలంలో దగ్గరి దూరాలకే బండి వాడితే గాలిలోని తేమ లోపల పేరుకుని అదే జిగురు వస్తుంది. పొద్దున్నే సైలెన్సర్ లోంచి వచ్చే తెల్లని ఆవిరి కూడా అంతే. ఇంజిన్ పూర్తిగా వేడెక్కాక కూడా తెల్లపొగ ఆగకపోతే, కూలెంట్ రోజురోజుకూ తగ్గుతుంటే అప్పుడు అనుమానించాలి.

నమ్మదగిన పరీక్షలు నాలుగున్నాయి. వాటికి కావలసిన సాధనాలు అమెరికాలో ఆటో విడిభాగాల దుకాణాల్లో అద్దెకు కూడా దొరుకుతాయి. రేడియేటర్ మూత స్థానంలో చేతి పంపు బిగించి ఒత్తిడి పెడితే, బయటి లీకు ఎక్కడుందో కంటికే కనిపిస్తుంది. లోపలి లీకుకు రసాయన పరీక్ష ఉంది. బ్రోమోథైమాల్ బ్లూ కలిసిన నీలి ద్రవంలోంచి రేడియేటర్ మీది గాలిని లాగితే, అందులో మండిన గ్యాసు తాలూకు కార్బన్ డయాక్సైడ్ ఉంటే నీలం పసుపవుతుంది. కంప్రెషన్ పరీక్షలో పక్కపక్క సిలిండర్లు రెండూ తగ్గి కనిపిస్తే వాటి మధ్య రేకు తెగిందని అర్థం. లీక్‌డౌన్ పరీక్షలో సిలిండర్‌లోకి గాలి పంపి అది ఎటు తప్పించుకుంటోందో వింటారు. రేడియేటర్‌లో బుడగలొస్తే గ్యాస్కెట్ లేదా పగిలిన హెడ్డు, ఆయిల్ గొట్టంలో గాలి చప్పుడైతే పిస్టన్ రింగులు. రెండోదైతే గ్యాస్కెట్ మార్చినా ఒరిగేదేమీ లేదు.

రేడియేటర్‌లో పోస్తే లీకు కట్టేస్తుందని చెప్పే సీసాల సంగతి కూడా ఇక్కడే చూడాలి. వాటిలో చాలావాటిలో ఉండేది సోడియం సిలికేట్. వేడి గ్యాసు తగిలే చోట అది గాజులా గట్టిపడి సందును పూడుస్తుంది. దాని బలమెంతో 2009లో అమెరికా ప్రభుత్వమే చూపించింది. పాత బండ్లు ఇచ్చి కొత్తవి కొనుక్కునేవాళ్లకు రాయితీ ఇచ్చిన పథకంలో, ఆరున్నర లక్షలకు పైగా బండ్ల ఇంజిన్లు మళ్లీ పనికిరాకుండా చేయాల్సి వచ్చింది. ఆయిల్ తీసి, దాని స్థానంలో సోడియం సిలికేట్ ద్రావణం పోసి, ఇంజిన్ పట్టేసేదాకా నడిపించారు. రేడియేటర్‌లో పోసిన సీసా అంత పని చేయదు, కానీ హీటర్ సన్నని గొట్టాలు మూసుకుపోవడం మామూలే. నెల రోజుల్లో అమ్మేయబోయే బండికో, ఊరు చేరడానికో తప్ప, తర్వాత హెడ్డు విప్పే ఉద్దేశం ఉన్నవాళ్లు దాని జోలికి పోకపోవడమే మేలు.

గరాజ్‌లో పని

సుబారులో మొదటి వాదన ఇంజిన్ దించాలా వద్దా అని. హెడ్లు రెండు పక్కలా ఛాసిస్ పట్టీలకు ఆనుకుని ఉంటాయి. ఒంటి క్యామ్ ఇంజిన్‌ను బండిలోనే ఉంచి పని చేసినవాళ్లున్నారు, కానీ నడుం వంచి, అద్దం పెట్టి, చెయ్యి పట్టని సందుల్లో ముఖాలు శుభ్రం చేయాలి. ఇంజిన్ ఎత్తే క్రేన్ అద్దెకు తెచ్చి, నూరు కిలోలకు పైబడిన బరువును స్టాండు మీద పెడితే ఆ కష్టం తప్పుతుంది. రెండు క్యామ్‌ల ఇంజిన్‌కైతే దించడమే దారి. దించినప్పుడు వాటర్ పంపు, టైమింగ్ బెల్టు, థర్మోస్టాట్, వెనక సీళ్లు కూడా మార్చేస్తారు. మళ్లీ అక్కడిదాకా వెళ్లే ఓపిక ఎవరికీ ఉండదు.

హెడ్డు తీశాక అసలు పని మొదలవుతుంది. పాత రేకు అవశేషాలు గీకేటప్పుడు అల్యూమినియం మీద గీత పడకూడదు. డ్రిల్‌కు తగిలించే గరుకు డిస్కులతో నిమిషంలో తళతళలాడించవచ్చని చాలామంది ఎగబడతారు. జనరల్ మోటార్స్ తన డీలర్లకు ఇచ్చిన సాంకేతిక సూచనలో సరిగ్గా దీన్నే వద్దంది. ఆ డిస్కుల నుంచి రాలే అల్యూమినియం ఆక్సైడ్ రేణువులు ఆయిల్ దారుల్లోకి చేరి బేరింగులను తినేస్తాయి. గ్యాస్కెట్ నిక్షేపంలా ఉండి, వెయ్యి మైళ్లలో ఇంజిన్ అడుగున శబ్దం మొదలవుతుంది. ప్లాస్టిక్ గీకుడు పలక, కరిగించే ద్రవం, ఓపిక ఉంటే చాలు. ఆస్‌బెస్టాస్ కాలపు బండి అయితే తడిపి గీకాలి, పొడిగా రుద్దకూడదు.

తర్వాత స్ట్రెయిట్ ఎడ్జ్, ఫీలర్ గేజ్. ఉక్కు బద్దను హెడ్డు మీద నిలువుగా, అడ్డంగా, మూల నుంచి మూలకు పెట్టి, కింద ఎంత మందం పలక దూరుతుందో చూస్తారు. సుబారు తరహా హెడ్డుకు 0.05 మిల్లీమీటర్లు దాటితే పనికిరాదు. తల వెంట్రుక మందం కన్నా అది తక్కువ. ఇంటి మెకానిక్‌కు ఉన్న పెద్ద చిక్కు ఇదే: గుడ్డి వెలుతురులో, మామూలు స్టీలు స్కేలుతో ఆ తేడా కనపడదు. కొందరు మందపాటి గాజు పలక మీద గరుకు కాగితం పరిచి, హెడ్డును ఎనిమిది ఆకారంలో రుద్ది నునుపు తెస్తారు. జాగ్రత్తగా చేసి ఫలితం పొందినవాళ్లున్నారు. కానీ చేతి బరువు ఒక పక్కకు వాలితే అంచులు గుండ్రబడతాయి, పలుపొరల రేకు సహించనిది సరిగ్గా అదే.

ఇక బోల్టులు. రంధ్రంలో కూలెంట్ గానీ ఆయిల్ గానీ మిగిలి ఉండగా బోల్టు బిగిస్తే, దిగువన చిక్కుకున్న ద్రవానికి పోయే దారి ఉండదు. ఆ ఒత్తిడికి బ్లాక్ చిట్లుతుంది. అందుకే ఒక్కో రంధ్రాన్నీ గాలి కొట్టి ఆరబెట్టాలి. టార్క్ రెంచి మీద పెట్టిన బలంలో దాదాపు పదో వంతే బోల్టును సాగదీసి హెడ్డును నొక్కుతుంది. మిగతాదంతా బోల్టు తల కింద, త్రెడ్లలో రాపిడికి పోతుంది. ఆ రాపిడి ఎంతుంటుందో ముందుగా తెలియదు కనుకే కంపెనీలు కోణం లెక్క పెట్టాయి. సుబారు ఒంటి క్యామ్ ఇంజిన్‌లో హెడ్డుకు ఆరు బోల్టులు. వాటిని మధ్య నుంచి బయటికి నిర్ణీత వరసలో మొదట 29 న్యూటన్ మీటర్లకు, తర్వాత 69కి బిగించి, రెండు విడతల్లో పూర్తిగా వదులు చేస్తారు. మళ్లీ తక్కువ బలానికి బిగించి, ఆపై 80 నుంచి 90 డిగ్రీలు ఒకసారి, ఇంకోసారి తిప్పుతారు. ఎన్నో విడతలో ఉన్నామో మర్చిపోకుండా బోల్టు తలల మీద రంగు చుక్క పెట్టుకోవడం అలవాటు. చాలా ఇంజిన్లలో ఈ బోల్టులు ఒకసారి సాగాక మళ్లీ వాడకూడదు. మాన్యువల్ వద్దంటే పాతవి పారేయాల్సిందే.

సుబారులో మరో వల టైమింగ్ బెల్టు. పుల్లీల మీద బాణం గుర్తులు ఎదురుగా కనిపిస్తాయి, కొత్తవాళ్లు వాటినే కలుపుతారు. బెల్టు కలపాల్సింది పక్కనున్న సన్నని గీతలకు. కింద క్రాంక్ పుల్లీకి కూడా వెనక పంటి మీది గీతే లెక్క. తప్పు గుర్తుకు కలిపి స్టార్ట్ చేస్తే ఈ ఇంజిన్‌లో పిస్టన్లు వాల్వులను కొడతాయి. అప్పుడు అసలుకే ఎసరు. చేత్తో క్రాంక్‌ను రెండు చుట్లు తిప్పి, ఎక్కడా అడ్డు తగలలేదని చూసుకున్నాకే తాళం తిప్పాలి.

లేత్ షాపు, అద్దె ఇల్లు

పైన చెప్పిన పనుల్లో ఇంట్లో సాధ్యం కానిది ఒక్కటే: వంగిన హెడ్డును యంత్రం మీద చదును చేయడం, అంటే ఫేసింగ్. దానితో పాటే పగుళ్ల పరీక్ష. అమెరికాలో వీటిని విడిగా చేసే మెషిన్ షాపులు ఒకప్పుడు ప్రతి ఊళ్లో ఉండేవి. ఇప్పుడు చాలాచోట్ల హెడ్డు డిక్కీలో వేసుకుని దూరం పోవాలి. విజయవాడ ఆటోనగర్‌లో ఈ బాధ తెలియదు. అక్కడ హెడ్డు విప్పిన షెడ్డుకు, ఫేసింగ్ చేసే లేత్ షాపుకు, గ్యాస్కెట్ అమ్మే దుకాణానికి మధ్య నడక దూరమే. అలాంటి చోట హెడ్డు గ్యాస్కెట్‌ను సొంతంగా ఇంట్లో మార్చుకోవాలన్న ఆలోచనే చాలామందికి రాదు. అమెరికాలో ఇది సాధారణం కావడానికి ధైర్యం కన్నా గంటకు వంద డాలర్లు దాటిన కూలి రేటే పెద్ద కారణం. అందుకే ఇంటి మెకానిక్కులు మధ్యేమార్గం పట్టారు. విప్పడం బిగించడం గరాజ్‌లో, ఫేసింగ్ షాపులో.

చోటు సమస్య కూడా తక్కువది కాదు. అపార్ట్‌మెంట్ అద్దె ఒప్పందాలు పార్కింగ్‌లో బండి రిపేరును చాలావరకు నిషేధిస్తాయి. సొంత ఇల్లున్నా స్వేచ్ఛ అంతటా లేదు. కాలిఫోర్నియాలోని శాక్రమెంటో కౌంటీ నిబంధనలు నివాస ప్రాంతాల్లో చిన్నపాటి మరమ్మతులకే ఒప్పుకుంటాయి. ఇళ్లలో మామూలుగా ఉండని పనిముట్లు వాడటం, ఆ ఇంటివాళ్ల పేరున రిజిస్టరు కాని బండిని బాగుచేయడం కుదరదంటాయి. కూలెంట్ పారబోత మరో జాగ్రత్త. అందులోని ఇథిలీన్ గ్లైకాల్ తియ్యగా ఉంటుంది, కొద్దిగా తాగినా కుక్కల ప్రాణం తీస్తుంది, పసిపిల్లలకూ అంతే ప్రమాదం. పళ్లెంలో పట్టిన కూలెంట్‌ను రాత్రంతా గరాజ్ నేల మీద తెరిచి వదలకూడదు.

ఎవరు చేయొచ్చు

ఈ మొత్తాన్ని బేరీజు వేస్తే సమాధానం బండిని బట్టి మారుతుంది. బయటికి కారే సుబారు, ఎప్పుడూ వేడెక్కనిది అయితే ఇంటి పనికి అన్నిటికన్నా అనువైనది. కారణం తెలిసిందే, మందు తెలిసిందే, హెడ్లు వంగి ఉండే అవకాశం తక్కువ. పైగా చుక్కలు నెమ్మదిగా పడుతున్నంతకాలం కూలెంట్ చూసుకుంటూ తగిన సెలవుల దాకా ఆగవచ్చు. లోపలికి లీకై నాలుగైదుసార్లు మరిగిన ఇంజిన్ అలా కాదు. హెడ్డు వంగి ఉంటుంది, ఒక్కోసారి చిట్లి ఉంటుంది. బ్లాక్ ముఖం కూడా చెడితే బాక్సర్ ఇంజిన్‌ను రెండుగా విడదీయకుండా దాన్ని యంత్రం మీద పెట్టలేరు. అలాంటప్పుడు వాడిన ఇంజిన్ తెచ్చి వేయడం చవక. కామ్రీ పని త్రెడ్ కిట్ చేతికొచ్చాక, డ్రిల్ నిలువుగా పట్టగలవాడికి సాధ్యమే. ఆఫీసుకు వెళ్లడానికి ఉన్న ఒక్క బండి అదే అయితే మాత్రం చేయకపోవడం నయం. విడిభాగం ఒకటి తప్పు వచ్చినా వారం పట్టే పని ఇది.

బిగించాక కూడా కొంత మిగిలే ఉంటుంది. సుబారులో కూలెంట్ ఒక్కసారిగా పోస్తే లోపల గాలి చిక్కుకుంటుంది. థర్మోస్టాట్ అడుగున, వాటర్ పంపు నోటి దగ్గర ఉంటుంది కనుక ఆ గాలి బుడగ వల్ల అది వేళకు తెరుచుకోకపోవచ్చు. దాంతో కొత్త గ్యాస్కెట్ మొదటి రోజే కాగుతుంది. బండి ముక్కు పైకెత్తి, పై గొట్టం గుండా నెమ్మదిగా నింపి, రేడియేటర్ మీది గాలి మర వదులు చేసి బుడగలు ఆగేదాకా నడుపుతారు. తర్వాత కొన్ని వారాలు, ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు మట్టం గీత దగ్గరే ఉందా అని చూస్తారు.

అమెరికాలో ఆ ఒంటి క్యామ్ ఈజే ఇంజిన్ 2012 నమూనాలతో ఆగిపోయింది. తర్వాత వచ్చిన ఎఫ్‌బీ ఇంజిన్లలో బెల్టు బదులు గొలుసు పెట్టారు. టర్బో రూపం మాత్రం 2021 దాకా డబ్ల్యూఆర్ఎక్స్ ఎస్‌టీఐలో కొనసాగింది. మిగిలిన పాత బండ్లు చేతులు మారుతూనే ఉన్నాయి. అమ్మకపు ప్రకటనల్లో ‘హెడ్ గ్యాస్కెట్లు మార్చాం’ అన్న వాక్యం తరచూ కనిపిస్తుంది. తెలిసిన కొనుగోలుదారు అంతటితో ఊరుకోడు. ఏ రకం రేకు వేశారు, హెడ్లు ఫేసింగ్ చేయించారా, షాపు రసీదు ఉందా అని అడుగుతాడు. బండి గరాజ్‌లో విప్పారా, డీలర్ దగ్గర విప్పారా అన్నది ఆ తర్వాతి ప్రశ్న.